బాతుల బంకర్

మట్టిదిబ్బ కనిపిస్తే చాలు, మా పిన్ని చెప్పులు విడిచి దాని మీదకెక్కి మడమతో తట్టి చూసేది. ఆమె రైల్వే ఆసుపత్రిలో నర్సు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లు వస్తారన్న భయంతో మేముండే ఖరగ్‌పూర్ చుట్టూ కట్టిన బంకర్లు ఇంకా పల్లెల్లో దాగి ఉన్నాయని ఆమె నమ్మకం. ఎనభైల్లో, ఆదివారం చర్చి అయ్యాక బాబాయీ నేనూ సైకిళ్ల మీద ఆమె వెంట తిరిగేవాళ్లం. ఒకసారి ఆమె బంకరంటూ చూపించింది పాత ఇటుకబట్టీ అని తేలింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే. బాబాయి మాత్రం, "ఈ జన్మలో నీకు బంకర్ దొరకదే!" అని ఏడిపిస్తూనే ఉండేవాడు.

ఒక చలికాలం తాల్‌బగీచా దాటి పోయాక, ఒక ఇంటి పెరట్లో తీగలు కమ్మిన దిబ్బ ఆమె మడమకు రాయిలా తగిలింది. "అది మా బాతుల గూడు, దీదీ," అంది ఆ ఇంటి బెంగాలీ ముసలమ్మ.

పిన్ని తీగలు తప్పించింది. మూరెడు మందాన కాంక్రీటు గోడ, అందులో తుపాకీ గొట్టం పట్టేంత కంత బయటపడ్డాయి.

"ఏటండీ, బాతులకి ఇంత గోడెందుకు?" అంటూ కుచ్చిళ్లు ఎగదోపుకుని లోపలికి పాకింది. బాతులు గోలగా బయటికి పరిగెత్తాయి. కాసేపటికి కంతలో ఆమె కళ్లు మెరిశాయి.

"ఎవరక్కడ? సేతులెత్తండి!"

బాబాయి సైకిల్ వదిలేసి చేతులెత్తాడు. "ఓడిపోనాను తల్లీ, బయటికి రా!"

ఏమీ అర్థంకాని ముసలమ్మ కూడా నవ్వుతూ రెండు చేతులూ ఎత్తేసింది.