దారి అడిగే మాణిక్యాలరావుగారు

మా బావగారు మాణిక్యాలరావుగారికి ఒకటే జబ్బు. తెలిసిన దారి అడగడం.

నెలకోసారి అంతర్వేది నుంచి కరవాక దాకా సముద్రపొడ్డునే నడిచేవారు. బియ్యం మూట మోస్తూ వెనక నేను. కుడిపక్క సముద్రం, ఎడమపక్క సరుగుడు తోటలు. ఆ దారిలో తప్పిపోవాలంటే మునిగిపోవడమొక్కటే మార్గం. అయినా కనబడిన ప్రతివాణ్ణీ ఆపేవారు.

"కరవాక ఇటేనాండీ?"

"ఆయ్, ఇటేనండి. పోయిన్నెలా ఇటే ఉందండి," అన్నాడొకసారి వల బాగుచేసుకుంటున్నాయన.

"మారలేదన్నమాట. సంతోషమండీ!"

మనిషి కనబడకపోతే ఎండ్రకాయనైనా అడుగుతారని నా భయం. అది అడ్డంగా చూపిస్తే అడ్డంగానే పోయేవాళ్ళం.

శంకరగుప్తం దాటాక ఉప్పుపాయ. దాని ఒడ్డున పోలమ్మ గుడిసె. పాయ ఎక్కడ దాటాలో చెప్పడం ఆవిడ పని. చెప్పినందుకు బాటసారులు దోసెడు బియ్యం పోసేవారు. గాలివానలో మొగుడూ కొడుకూ పోయారు. తరవాత చూపూ పోయింది. దాటే చోటు కూడా ఎగువకి జరిగింది, ఆవిడకది తెలీదు. దాంతో జనం ఆవిణ్ణి అడగడం మానేశారు.

"ఎక్కడ దిగమంటావు పోలమ్మా?"

"జంట తాడిచెట్లకి ఎదురుగా దిగండి బాబూ."

బావగారు కుంచెడు బియ్యం పోసి, సరిగ్గా అక్కడే దిగి, మెడలోతు నీళ్ళలో నడిచారు. ఎగువన జనం పిక్కలు తడవకుండా దాటుతున్నారు.

గట్టెక్కి పంచె పిండుకుంటూ అడిగాను. "మీకు కళ్ళు లేవా?"

"నాకున్నాయిరా. ఆవిడకే లేవు."

"బియ్యం ఊరికే ఇచ్చి పోవచ్చుగా?"

"ఊరికే ఇస్తే పుచ్చుకోదు. నీళ్ళ చప్పుడు వింటుంది. చెప్పినచోట దిగకపోతే పిలిచి తిరిగిచ్చేస్తుంది. ఆ పూట పస్తే."

"మరి దారంతా ఆ అడగడమేమిటి?"

"ఆవిణ్ణొక్కదాన్నే అడిగితే జాలి అని కనిపెట్టేస్తుంది. ఒడ్డు పొడుగునా వెర్రివాణ్ణని పేరుంటే అనుమానం రాదు."

బావగారు 1953లో టైఫాయిడ్‌తో పోయారు. మెడలోతు నీళ్ళు ఏమీ చెయ్యలేని మనిషిని పొడి మంచం తీసుకుపోయింది. సంతాపసభలో పెద్దలు "మంచివారే, కాస్త తిక్క" అని మెచ్చుకుని, ఉప్మా తిని వెళ్ళారు. ఆ ఉప్మా నాకింకా అరగలేదు.

మరుసటి నెల మూట పట్టుకుని ఒక్కణ్ణే వెళ్ళాను.

"బాబుగారేరండీ?" అంది పోలమ్మ.

"చనిపోయారమ్మా."

ఆవిడ పాయ వైపు మొహం తిప్పింది.

"అసలే దారి తెలీని మనిషి. ఒక్కరే ఎలా వెళ్ళేరండీ?"

నేను బియ్యం పోసి, ఎక్కడ దిగాలో అడిగాను. చెప్పింది. ఎగువన దాటుతున్నవాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారు. బావగార్ని నోరారా తిట్టుకుంటూ దిగాను. నీళ్ళు గడ్డానికి తగిలాయి.

"లోతుగా ఉందేటండీ?" వెనకనుంచి కేక.

నోట్లో ఉప్పునీళ్ళు ఉమ్మేసి అరిచాను.

"మోకాళ్ళ దాకానేనమ్మా!"