దవాఖాన గేటు ముందు మోగిన ట్రాక్

2011లో మా ఆడియో కంపెనీ నన్ను వరంగల్ నుంచి తన జనగామ స్టూడియోకు పంపింది. హోదా సౌండ్ ఇంజనీర్. రికార్డింగు, మిక్సింగు, కరెంటు పోతే జనరేటర్ వేయడం, అన్నీ ఆ హోదాలోకే వచ్చేవి. ఎరువుల దుకాణం పైన రెండు గదులు. ఒకదాని గోడలకు స్పంజి అంటించి గాయకుల గది అనేవాళ్లం. రెండోదాంట్లో నేను, కంప్యూటరు, ఒక టేబుల్ ఫ్యాను. రికార్డింగ్ జరిగేటప్పుడు ఫ్యాను కట్టేయాలి కనుక అక్కడి నా ఉద్యోగం చాలావరకు చెమటలోనే గడిచింది.

అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. అంతకుముందు పెళ్లి వీడియోలకు, చర్చి పాటలకు పనిచేసిన స్టూడియోకు ఇప్పుడు వచ్చేవన్నీ ఉద్యమ పాటలే. భూపాలపల్లి గని కార్మికులు, మహబూబాబాద్ తండాల యువకులు, ఎవరొచ్చినా పాట వెనక డప్పు ఉండాల్సిందే. ప్రతిసారీ కళాకారులను పిలిపించడం కుదరదు. అందుకని ఒకసారి రికార్డు చేసిన దరువు ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పి వాడేవాళ్లం. దాన్ని లూప్ అంటారు.

లూప్ వేగం ఒకటి, పాట వేగం ఇంకొకటి అయినప్పుడు సాఫ్ట్‌వేర్‌లో రెండు దారులున్నాయి. మొదటిది టైమ్ స్ట్రెచ్, అంటే శ్రుతి మారకుండా శబ్దాన్ని సాగదీయడం. గొంతుకు ఇది కొంతవరకు నప్పుతుంది. డప్పుకు నప్పదు, దెబ్బ పదును పోయి తడిసిన తోలు మీద కొట్టినట్టుంటుంది. రెండోది స్లైసింగ్. ప్రతి దెబ్బ మొదలయ్యే చోట కోత పెట్టి, లూప్‌ను ముక్కలు చేసి, ముక్కల మధ్య ఎడం పెంచుతాం. దెబ్బ చెక్కుచెదరదు, నడక మాత్రం నెమ్మదిస్తుంది. అక్కర్లేని ముక్కను తీసేయవచ్చు కూడా.

సారయ్య అనే కాంట్రాక్టు లెక్చరర్ తను రాసిన పాట పాడడానికి వచ్చాడు. దానికి యాకయ్య అనే డప్పు కళాకారుడి దరువు వాడాను. అది బోనాల ఊరేగింపు దరువు. కుడిచేతి లావు పుల్ల దెబ్బలు బరువుగా పడుతుంటే ఎడమచేతి సన్నపుల్ల వాటి మధ్య చిటపటలాడుతూ పరిగెత్తేది. సారయ్యకు నచ్చింది గానీ వేగం ఎక్కువన్నాడు. ఊరేగింపులో ముసలివాళ్లు కూడా నడుస్తూ పాడాలట. స్లైసింగ్‌తో నెమ్మది చేశాను. అప్పుడు, "దరువు మాటను మింగుతున్నది సార్, మాటకు జర జాగ ఇయ్యాలె," అన్నాడు. సన్నపుల్ల ముక్కలు చాలావరకు తీసేశాను. మాటలు తేటగా పైకి తేలాయి. ఇద్దరం తృప్తిపడ్డాం. యాకయ్య తన వంతు అయిపోగానే ఊరికి వెళ్లిపోయాడు కనుక పూర్తయిన పాట వినలేదు.

పాటతో పాటు గొంతు లేని ట్రాక్ కూడా ఇవ్వడం మా పద్ధతి. ప్రచారం ఆటోల వాళ్లు దాన్ని వెనక పెట్టుకుని మైకులో మాట్లాడుకుంటారు.

కొన్ని వారాలకు సారయ్య ఆమరణ నిరాహార దీక్షకు కూర్చున్నాడు. ఆరోగ్యం పాడవుతోందని పోలీసులు అతన్ని శిబిరం నుంచి ఎత్తుకెళ్లి ప్రభుత్వ దవాఖానలో చేర్చారు. లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. ఇక పుకార్లకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. పొద్దున కోమాలో ఉన్నాడన్నవాళ్లే మధ్యాహ్నం హైదరాబాద్ తరలించారన్నారు. దీక్షలో ఉన్న మనిషి పోయాడన్న మాట ఒక్కటి చాలు, ఊరు అంటుకోవడానికి. ఈ సంగతి గేటుకు ఇవతల ఉన్న మాకూ తెలుసు, అవతల లాఠీలు పట్టుకుని నిలబడ్డవాళ్లకూ తెలుసు. వాళ్ల వెనక తుపాకుల వాళ్లు ఉన్నారు.

నేను స్వతహాగా పిరికివాణ్ని. చిన్న చప్పుడుకు తల తిప్పడమే బతుకుతెరువు అయినవాడికి ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది? అయినా ఆ మధ్యాహ్నం మనసొప్పక వెళ్లాను. గేటు ముందు రోడ్డు నిండా జనం కూర్చుని ఉన్నారు. అందరికంటే ముందు సారయ్య అక్క లచ్చమ్మ. తల్లి లేని తమ్ముణ్ని ఆమే పెంచింది. శిబిరంలో డప్పు కొట్టడానికి వచ్చిన యాకయ్య కూడా అక్కడే ఉన్నాడు, డప్పు ఒళ్లో పెట్టుకుని. జనం పెద్దగా మాట్లాడుకోవడం లేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

అప్పుడు మలుపు అవతల నుంచి ప్రచారం ఆటో ఒకటి వస్తోంది. రేపటి బంద్ గురించి మైకులో చెబుతూ వస్తున్న మనిషి దవాఖాన దగ్గర పడగానే మాట ఆపేశాడు. లోపల సారన్న పడుకుని ఉన్నాడు, అరవొద్దు అనుకున్నాడట. గౌరవం కొద్దీ మైకు కట్టేశాడు, వెనక మోగుతున్న సారయ్య పాట ట్రాక్ మాత్రం అలాగే వదిలేశాడు.

ఆటో ఇంకా మలుపు తిరగలేదు, మాకు కనిపించలేదు. డప్పు ఒక్కటే వినిపించింది. ఒక బరువైన దెబ్బ. ఎడం. మళ్లీ దెబ్బ.

మా వైపు మనిషి పోతే ఇంటి ముందు డప్పు అలాగే మోగుతుంది. వీధి అవతల నుంచి విని ఎవరు పోయారని అడుగుతారు. గార్లలో పెరిగిన నేనూ చిన్నప్పటి నుంచి విన్నదే. కానీ స్టూడియోలో ఆ ట్రాక్‌ను ఎప్పుడూ సారయ్య గొంతుతో కలిపే విన్నాను. మాట తీసేశాక మిగిలింది చావు దరువని అక్కడ నిలబడ్డాకే నాకు తెలిసింది.

లచ్చమ్మ లేచి నిలబడింది. "మా తమ్ముడు పోయిండు," అంది. అరవలేదు, మామూలుగానే అంది. జనమంతా ఒక్కసారే లేచారు. ఎవరో గేటు పట్టుకుని ఊపారు. ఒక రాయి వెళ్లి లోపల ఎక్కడో అద్దం పగలగొట్టింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తగానే వెనక ఉన్న తుపాకులు భుజాల మీది నుంచి దిగాయి.

అప్పటికి మలుపు తిరిగి వచ్చి ఆగిన ఆటో వైపు నేను పరిగెత్తాను. ఆంప్లిఫయర్ వెనక సీట్లో ఉంది. స్విచ్ మీద చెయ్యి వేశానో లేదో నా మణికట్టు ఎవరో గట్టిగా పట్టుకున్నారు. యాకయ్య.

"ఆపకు సార్. ఇప్పుడు ఆపితే దింపుడుకల్లం అనుకుంటరు."

శ్మశానానికి వెళ్లే దారిలో పాడెను ఒకచోట కిందికి దించుతారు. పోయినవారి చెవిలో పేరు పెట్టి పిలిచి, పలకరని తేల్చుకుని కదులుతారు. ఆ చోటే దింపుడుకల్లం. అక్కడ డప్పు ఆగిపోతుంది. ఇప్పుడు నేను స్విచ్ తిప్పితే ఆ నిశ్శబ్దంతో సారయ్య పోయాడన్నది అందరికీ ఖాయమైపోయేది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

యాకయ్య ఆటో టాపు మీదికెక్కి డప్పు కొట్టడం మొదలుపెట్టాడు. మొదట ట్రాక్ దెబ్బతోనే తన దెబ్బ కలిపాడు. తర్వాత నేను తీసేసిన చోట్లలో సన్నపుల్ల ఆడించాడు. నాలుగైదు తిప్పుళ్లకు ఖాళీలన్నీ నిండిపోయాయి. ఇంకాస్త కాగానే పుల్ల జోరు పెరిగింది, అది బోనాల దరువై నిలిచింది. చావు ఇంటి ముందు ఎవడూ బోనాల దరువు కొట్టడు. గేటు ఊపుతున్నవాళ్లు ఆగి వెనక్కి తిరిగి చూశారు. వాళ్ల ముఖాల్లో కోపం పోలేదు, కానీ ఏం జరిగిందో తెలియని తికమక వచ్చింది. మాకు కావలసిన సందు అదే.

నేను గేటు దగ్గరికి వెళ్లి ఇన్‌స్పెక్టర్‌కు సంగతి చెప్పాను. నా మాటలు తడబడ్డాయి. సగమైనా ఆయనకు అర్థమయ్యాయో లేదో తెలియదు. అక్కను ఒక్కదాన్ని లోపలికి పంపండి, ఆమె కళ్లతో చూసి వచ్చి చెబితేనే వీళ్లు నమ్ముతారు అన్నాను. ఆయన నన్ను, జనాన్ని, ఆటో మీద ఉన్న యాకయ్యను చూసి గేటు సందు తీయించాడు. లచ్చమ్మ వెళ్లింది. ఆమె తిరిగొచ్చేదాకా యాకయ్య కొడుతూనే ఉన్నాడు. తుపాకులు కూడా అలాగే ఉన్నాయి. ఆమె ఏడుస్తూ వస్తే ఏమవుతుందో తలుచుకోవడానికే నాకు ధైర్యం చాలలేదు.

ఆమె ఏడుస్తూనే వచ్చింది. జనం ముందుకు ఒక అడుగు వేశారు. "బతికే ఉన్నడు," అంది. "నా చెయ్యి పట్టుకున్నడు. కూసోండ్రి బిడ్డా, కూసోండ్రి." ముందు వరసలోని వాళ్లు కూర్చున్నారు, వాళ్లను చూసి వెనకవాళ్లు కూర్చున్నారు. యాకయ్య కిందికి దిగాక అతని కుడిచేతి వేళ్లు చాలాసేపు ముడుచుకునే ఉన్నాయి.

ఆ తర్వాత పోలీసులు నన్ను స్టేషన్‌కు పిలిపించారు. కావాలని చావు దరువు తయారుచేశానని వాళ్ల అనుమానం. కంప్యూటరు తీసుకెళ్లి, తీసేసిన ముక్కలు ఒక్కొక్కటి చూపించి, ప్రతిదాని పైన సారయ్య పాడిన మాట వినిపించాను. ఇన్‌స్పెక్టర్ చివరిదాకా విని, ఇంటికి పొమ్మన్నాడు. నేను బస్సు ఎక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

దీక్ష ముగిసి కోలుకున్నాక సారయ్య స్టూడియోకు వచ్చాడు. ఆ రోజు కిటికీలోంచి దరువు తనకూ వినిపించిందన్నాడు. "బయట మనోళ్లెవర్నో చంపిన్రనుకున్న సార్. లేసి ఉరుకుదామంటె కాళ్లు రాలె. అక్క లోపలికొస్తె, పోయింది ఎవరని ఆమెనే అడిగిన."

ఈ ఘటన నేర్పింది ఒకటే. దరువులోంచి దెబ్బలు తీస్తే మిగిలేదానికి కూడా ఒక అర్థం ఉంటుంది, దాన్ని మాటలు లేకుండా, దూరం నుంచి వింటేనే తెలుస్తుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ డప్పు ట్రాక్ బయటికి ఇచ్చేముందు కిందికి దిగి, రోడ్డు అవతల నిలబడి విన్నాను. కొత్తగా చేరినవాళ్ల చేతా అదే చేయించాను.