షాద్‌నగర్ వచ్చేలోపు నూట ఎనిమిది

కోపం తగ్గాలంటే రోజూ నూట ఎనిమిది సార్లు మంత్రం జపించమని మా అక్క చెప్పింది. ఇంట్లో తీరిక ఎక్కడిది? ఈ పొద్దున డ్యూటీకి పోతూ జడ్చర్ల బస్సులోనే మొదలుపెట్టాను. సీటు దొరికేసరికి నేను దిగే షాద్‌నగర్ మూడు నిమిషాల దూరంలోనే ఉంది. అందుకే కళ్లు మూసుకుని, పెదాలు గబగబా కదుపుతూ "ఓం నమశ్శివాయ" అంటున్నాను.

పక్క సీట్లో తస్బీహ్ జపమాల పూసలు తిప్పుకుంటున్న ముసలమ్మ నా భుజం తట్టింది.

"గంత కోపంగ ఎవర్ని తిడుతున్నవ్ బిడ్డా?"

"తిడుతలేనమ్మా. మనసు నిమ్మలం కావాల్నని మంత్రం చదువుతున్న."

"నిమ్మలం కావాల్నంటే జర నిమ్మలంగ చదువు. గట్ల ఉరికితే ఎట్ల?" అని మళ్లీ తన పూసల్లో పడిపోయింది.

ముందు సీట్లవాళ్లు నవ్వారు. నిజానికి ఆమె పొరబడలేదు. మంత్రానికీ మంత్రానికీ మధ్య, నిన్న అందరి ముందూ నన్ను కసిరిన మా సూపర్‌వైజర్‌ని తిడుతూనే ఉన్నాను.

మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను, నిమ్మలంగా. దిగేసరికి ఇరవై కూడా కాలేదు. సూపర్‌వైజర్ మాత్రం మనసులోకి రెండుసార్లే వచ్చిపోయాడు.

మీ జపంలోకి ఎవరొస్తారు? పేర్లొద్దు, మీకేమవుతారో చెప్పండి చాలు.