వెనక్కి పోకూడని మోరిస్ కారు

పట్నంలో ఉప్పుగూడకు వస్తే కారులో యాదగిరిగుట్టకు పోదామని మా బావ కబురు పెట్టినప్పుడే నాకు ఒళ్లు మండింది. కాజీపేట నుంచి హైదరాబాదు పోయే పాసింజరు రాయగిరిలో ఆగుతుంది. అక్కడ దిగి జట్కా ఎక్కితే గుట్టకు ఎంతో సేపు పట్టదు. ఆ గుట్టను దాటుకుని పట్నం దాకా పోయి, మళ్లీ అదే గుట్టకు కారులో రావాలట! ఇంత తెలివి మా అత్తగారి వైపు వాళ్లకే ఉంటుంది.

పోక తప్పలేదు, సంగతి మా మామది. ఆయన బతుకంతా మొఘల్‌పురాలో ఒక జాగీర్దారు ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి మోరిస్ కారును కడిగాడు, తుడిచాడు, తోలాడు. వెనక సీటులో మాత్రం ఒక్కనాడూ కూర్చోలేదు. ఇప్పుడు ఒక కన్ను పోయింది, రెండోది కూడా ఎక్కువ కాలం ఆగదని డాక్టరు చెప్పాడు. చూపు ఉండగానే తండ్రిని అలాంటి కారులో వెనక కూర్చోబెట్టి గుట్ట చూపించాలని మా బావ నర్సింగరావు పంతం పట్టాడు. పంతం మంచిదే, దానికి కొన్న కారే మంచిది కాదు.

తెల్లవారుజామున అయిదింటికి కాజీపేటలో బండెక్కాను. ఎదురుగా గంపతో కూర్చున్న ఒకాయన ఊరుకోక ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"కొత్త కారా అన్నా?"

"కాదు, పాత ఇంగ్లీషోళ్ల కారు."

"వాళ్లే ఇడిసిపెట్టి పోయినంక మనకెందుకది?"

నాకు ఆ మనిషి మీద ఎంతో గౌరవం కలిగింది.

తొమ్మిది దాటాక సికింద్రాబాదులో దిగాను. స్టేషనులో తిన్న ఇడ్లీ గురించి ఈ దారిన వచ్చేవాళ్లకు ఒకటే మాట చెబుతాను: ఇంటి నుంచి సద్ది కట్టుకు రండి. అక్కడి నుంచి చిన్న లైను బండిలో ఊగుతూ ఉప్పుగూడ చేరేసరికి పదిన్నర. ముహూర్తం పదకొండింటికి.

గల్లీలో ఇంటి ముందు కారు నిలబడి ఉంది. ఆకుపచ్చ రంగు అద్దంలా మెరుస్తోంది. రంగు కింద ఎంత తుప్పు ఉందో దేవుడికే ఎరుక. కొత్త కారు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన కాలం, నిజమే. అందుకని కోళ్లు గుడ్లు పెడుతున్న బండిని కొంటారా ఎవరైనా? కొన్నప్పుడు దీని వెనక సీటులో కోళ్లే ఉన్నాయని మా చెల్లెమ్మ, అంటే బావ భార్య, స్వయంగా చెప్పింది. ఏడాదికి పైగా ప్రతి గురువారం పాత సామాన్ల బజారులో తిరిగి, మా బావ ఒక్కో ముక్క ఏరుకొచ్చాడు.

"ఏంది బావా, గట్ల జూస్తవ్? తలుపు పిడులు సుత ఒరిజినలే. విలాయత్‌ల చేసినయి."

"బ్రేకులు?"

"మస్తున్నయి. రెండు మూడుసార్లు తొక్కాలె, గంతె."

మెకానిక్ గౌస్ భాయ్ బానెట్ మూస్తూ, "ఫికర్ నక్కో సాబ్, చలేగీ" అని, బండి నడుస్తుందని భరోసా ఇచ్చాడు. జుమ్మా నాటికి, అంటే శుక్రవారానికి, ఇస్తానంటూ ఏడాది పొడుగునా ఎన్ని జుమ్మాలు దాటించాడో ఆయనకే తెలియాలి.

మామను తెల్ల ధోవతి, కోటుతో తీసుకొచ్చారు. ఆయన అలవాటుగా ముందు తలుపు వైపు నడిచాడు. బావ చెయ్యి పట్టుకుని వెనక కూర్చోబెట్టాడు. నేను మామ పక్కన, ముందు స్టీరింగు దగ్గర బావ, ఆయన పక్కన గౌస్. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. పెద్ద చప్పుడుతో, అంతకంటే పెద్ద పొగతో కారు కదిలింది. నిమ్మకాయలు నలిగాయి. చెల్లెమ్మ కళ్లు తుడుచుకుంది.

గల్లీ మలుపు తిరిగామో లేదో ఎదురుగా బ్యాండు మేళం, దాని వెనక పూలు చుట్టిన పెళ్లికొడుకు కారు. అదీ పాత విలాయతీ సరుకే, మనదానికంటే లావు. రెండింట్లో ఒకటి వెనక్కి పోతే తప్ప దారి లేదు.

"జర రివర్స్ తీయి అన్నా," అన్నాడు వాళ్ల డ్రైవరు.

"దేవుని పేరు మీద మొదటిసారి తీసిన బండి. ఎనకకు పోవద్దు," అన్నాడు మా బావ.

పెళ్లివారి పెద్దమనిషి ముందుకొచ్చాడు. "మరి పెండ్లికొడుకును ఎనకకు తీస్కపోతరా ఎవలన్న? నువ్వే చెప్పు బిడ్డా."

ఇద్దరిదీ న్యాయమే! లొల్లి మొదలైంది. బ్యాండువాళ్లు మాత్రం ఆపకుండా వాయిస్తూనే ఉన్నారు. ఈ దేశానికి గేర్ల పెట్టెలో రివర్సు ఎందుకు పెట్టి పంపారో ఆ ఇంగ్లీషు వాళ్లనే అడగాలి.

మామ మెల్లగా, "నేను దిగుతరా కొడకా, లొల్లి వద్దు" అన్నాడు.

"నువ్వు దిగకు బాపు!" బావ స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. "నువ్వు దిగేదుంటే నేనీ బండి కొనకనే పోదును."

అప్పుడు గౌస్ తల గోక్కుంటూ, "బాజుకు, గదే పక్కకు పోతె ఎనకకు పోయినట్టు కాదు గదా సాబ్?" అన్నాడు.

పెద్దమనిషి ఆలోచించి తల ఊపాడు. పెళ్లివాళ్లు, గల్లీవాళ్లు, బ్యాండులో ఖాళీగా ఉన్న తాళాలవాడు, అందరూ చుట్టూ చేరారు. నేనూ దిగి బంపరు మూల పట్టుకున్నాను. చొక్కా అంతా గ్రీజు. "అరె ఎత్తు, ఎత్తు!" అంటూ మామతో సహా కారును లేపి, మోరీ కాలువ దాటించి, కిరాణా దుకాణం ముందు జాగాలో దించాం. లోపల ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

పెళ్లికొడుకు కారు పక్క నుంచి పోతూ ఒక్క క్షణం ఆగింది. వెనక సీటులో ఎవరో పెద్దదొర ఉన్నాడనుకున్నాడేమో, ఆ పిల్లాడు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మామ కొంచెం తడబడి చెయ్యి ఎత్తాడు.

ఆ తరువాత మన కారు కదలలేదు. ఎత్తేటప్పుడు ఏదో గొట్టం ఊడి పెట్రోలంతా మోరీ పాలైంది. గౌస్ బండి కిందికి దూరి, "జుమ్మా దాకా..." అనగానే నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. మా బావ దుకాణం మెట్టు మీద తల పట్టుకుని కూలబడ్డాడు. ఇల్లు అక్కడి నుంచి కనబడుతూనే ఉంది.

మధ్యాహ్నం ఎండ ముదిరినా మామ దిగలేదు. ఆకలవుతుందేమో, పిలుద్దామని నేను లేచాను. అప్పుడు ఆయన లోపలి నుంచి వేలితో అద్దం మీద తట్టాడు. పిడి చేతికి అందేంత దగ్గరే ఉంది, విలాయత్‌లో చేసిన ఒరిజినల్ పిడి. ఆయన దాని వైపు చూడలేదు, ముందుకు చూస్తూ ఆగాడు. ఆ జాగీర్దారు తన చేత్తో ఏనాడూ తలుపు తీసుకోలేదని మామే ఒకసారి చెప్పాడు. బావ పరుగున వచ్చి తలుపు తీసి పక్కకు నిలబడ్డాడు. మామ తొందర పడకుండా దిగి, కోటు సర్దుకుని, కొడుకు భుజం తట్టి ఇంటివైపు నడిచాడు.

సాయంత్రం సికింద్రాబాదులో కాజీపేట బండి ఎక్కాను. గ్రీజు మరకలు చూసి పక్కనాయన ఏమైందని అడిగాడు. జరిగిందంతా చెప్పాను, కారును తిట్టాను, గౌస్‌ను తిట్టాను, మా బావను మరీ తిట్టాను. ఆయన కడుపుబ్బ నవ్వాడు.

"గింత లొల్లి ఎందుకన్నా? ముసలాయన్ను బస్సుల ఎక్కించి గుట్టకు తోల్కపోతె అయిపోవు గద!"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"బస్సు తలుపు ఆయన కొడుకు వచ్చి తీస్తడా?" అన్నాను.