మేకు మీది నంబరు

తెలంగాణ రావడానికి ముందటి ఏడు, మాఘమాసం, బుధవారం, పొద్దున పదకొండుకు పది నిమిషాలు తక్కువ. రామగుండం అవతల ముళ్లపొదలు పెరిగిన పాత రన్‌వే మీద దిగిన చిన్న జెట్టులో, పైలట్లు కూర్చునే చోట నేను కూర్చుని ఉన్నాను. ఎదురుగా గడియారం వెలుగుతోంది, అప్పటికి నాకు అంకెలు వచ్చు, అందుకే ఆ సమయం ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ముక్కుకు తగిలింది మాత్రం వేడెక్కిన రబ్బరు, తీగల వాసన. అది యాభై ఏళ్ల కిందటి మందమర్రి లాంపు రూము వాసన.

లాంపు రూమంటే బొగ్గుబాయి దిగే మనిషికి నెత్తిదీపం ఇచ్చే గది. దీపం తీసుకున్నవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను అక్కడి మేకుకు తగిలించి దిగాలి, పైకొచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకోవాలి. మేకు మీద బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా కిందున్నట్టే. ఎండాకాలం కాళ్లు కాలుతుంటే, వానాకాలం నల్లటి బురద మోకాళ్ల దాకా ఎగజిమ్ముతుంటే, బతుకమ్మ నాళ్లలో మా అవ్వ, అంటే అమ్మ, మూటగట్టిన మలీద ముద్దలను దారిలోనే సగం మింగేస్తూ, నేను రోజూ షిఫ్టు దిగే వేళకు అక్కడికి పోయి మా బాపు నంబరు 318 ఉందా పోయిందా అని చూసేవాణ్ణి. చదువు రాదు, ఆకారాలే గుర్తు. మా పిల్లల ఆట కూడా అదే. సోడా సీసా మూతలకు చిల్లులు పొడిచి గోడ మేకులకు తగిలించి, బొగ్గు కుప్పల వెనక దాక్కుని, పిలవగానే ఉరికొచ్చి ఎవరి మూత వాళ్లు తీసుకోవాలి. తీసుకోనివాడు సచ్చినట్టు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక సాయంత్రం మేకు ఖాళీగా కనిపించింది. ఇంటికి ఉరికి "అవ్వా, బాపు ఎక్కొచ్చిండు" అన్నాను. కల్లు కాడికి పోయి ఉంటాడని మేం తిని పడుకున్నాం. బాపు ఎక్కి రాలేదు. పైన కప్పు కూలి కాలు మీద బొగ్గు పెళ్ల పడి కిందే ఉన్నాడు. లాంపు రూము క్లర్కు తన డ్యూటీ అయిపోతోందని, లెక్క సరిపోవాలని, ఆ ఒక్క బిళ్ళనూ తీసి డ్రాయర్‌లో పడేసి, అందరూ వచ్చారని రాసి పోయాడు. మర్నాటి షిఫ్టు వాళ్లు మూలుగు విని తెచ్చారు. కాలు తీసేశారు. దవాఖానలో మా అవ్వతో ఒక కాయితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. పోవద్దన్న చోటికి తనంతట తానే పోయాడని అందులో రాసి ఉందట. మాకు చదివి చెప్పినవాడు లేడు. ఆ కోపం ఇప్పటికీ కడుపులో మండుతూనే ఉంది, ఆర్పుకోవాలని నాకూ లేదు.

నేనూ బాయిలోనే బతికాను. నలభై అయిదు దాటాక, గోదావరిఖని క్వార్టర్లో, ఆరో తరగతి చదివే మా తమ్ముడి బిడ్డ స్వప్న నన్ను పలక ముందు కూర్చోబెట్టింది. "పెద్దబాపు, ఆరును బోర్లేసినవ్, తొమ్మిదైంది సూడు" అని నెత్తి మీద మొట్టేది. ఆ పిల్లే పైలట్ అయి, ఎవరో పెద్ద సేటును తీసుకొని మా ఊళ్లో దిగింది. సర్వపిండి పట్టుకుని పోయాను. సేటు జీపెక్కి వెళ్లాడు. స్వప్న అడిగితే, మెట్లు దిగుతున్న కెప్టెన్ "రెండు నిమిషాలు చూపించమ్మా" అని చాయ్ తాగడానికి పోయాడు.

"గిది ట్రాన్స్‌పాండర్. గీ నాలుగంకెలు మా నంబరు. కింద రాడార్ అడిగితే గీ విమానం ఫలానా కాడ ఉన్నదని గిదే జవాబిస్తది," అంది స్వప్న.

"అంకెలు మార్చి సూపియ్యవే. ఎనిమిది ఎట్ల పడ్తది?"

"దీంట్ల ఎనిమిది, తొమ్మిది ఉండయ్. సున్న నుంచి ఏడు దాకనే."

"మరి నాతోని తొమ్మిది దాక ఎందుకు రాయించినవ్? ఏలు అరిగిపాయె."

నవ్వింది. చిన్న గుండీ తిప్పితే అంకెలు మారతాయని, పెద్దది స్టాండ్‌బైలో ఉంచి ఎగిరేటప్పుడు ఆన్ చేస్తామని చెప్పి, తన నంబరు మళ్లీ పెట్టి, "ముట్టకు మరి" అని ఫోన్ మోగితే కిందికి దిగింది.

నేను ఆ నంబరునే చూస్తూ కూర్చున్నాను. విమానం నేల మీద ఉంది, మనుషులు దిగిపోయారు, నంబరు మాత్రం వెలుగుతోంది. పిల్ల బిళ్ళ తీయడం మరిచిపోయిందనుకున్నాను. ఎవరైనా వెతుకుతూ బయలుదేరితే మాటొస్తుందని, గుండీ తిప్పి తిప్పి నాలుగూ సున్నాలు చేశాను.

స్వప్న వచ్చి చూసి, "అయ్యో, గది దిగిన నంబరు గాదు పెద్దబాపు, పోయే నంబరు! ఇందాకనే హైదరాబాదు నుంచి ఇచ్చిండ్రు," అంది.

నా చెయ్యి ఇంకా గుండీ మీదే ఉంది. ఇంకా బయలుదేరని మనిషి బిళ్ళను తీసేశాను. ఆ క్లర్కుకూ నాకూ తేడా ఏముంది?

నంబరు రాసుకున్న చీటీ చూసి ఆమె సరిచేస్తుండగా కెప్టెన్ మెట్లెక్కాడు. "ఎవరు ఎక్కించారు ఇతన్ని?"

"మీరే గద సార్, సరేనన్నరు."

ఆయన మొహం మాడిపోయింది. "నేను అనలేదు," అని గేటు దగ్గరి కానిస్టేబుల్‌ను పిలిచాడు. నాతో, "బయటివాళ్లు ఇక్కడ కూర్చున్నారని పైకి తెలిస్తే మా ఇద్దరికీ ముప్పు. ఈ అమ్మాయి ఉద్యోగం ఉండాలంటే కాగితం రాయండి. ఎవరూ పిలవలేదు, దొంగచాటుగా నేనే ఎక్కాను అని," అన్నాడు.

"రాయకు పెద్దబాపు. అబద్ధమది."

"రాయి కాకా, జల్ది. పిల్ల నౌకరి పోతది," అన్నాడు కానిస్టేబుల్.

రాశాను. సంతకం కాక నా చేత్తో నేను రాసిన మొదటి కాయితం అదే. మూడు వరుసలు, నా మీద నేనే రాసుకున్న అబద్ధం. అవ్వకు చదువు రాక వేలు ముంచింది. నేను చదువొచ్చీ రాశాను.

"గిందుకేనా నీకు అచ్చరాలు నేర్పింది?" అని స్వప్న ఏడ్చింది. ఏడుపు కాదది, కోపం. ఆ పిల్ల ఉద్యోగం నిలిచింది. నన్ను సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టారు.

ఇప్పుడు ఆ రన్‌వే మీద బర్రెలు మేస్తున్నాయి. లాంపు రూములో మేకుల బల్ల పోయి మిషన్లు వచ్చాయి, మూతల ఆట ఏ పిల్లలకూ తెలియదు. స్వప్న ఇప్పుడు తానే కెప్టెన్. మొన్న ఫోన్‌లో "నా ఫికర్ ఇడిసిపెట్టు, ఉన్నదున్నట్టు రాయి" అంది. రాస్తున్నాను. ఆ రోజు అక్కడున్నది నలుగురం. నన్ను పిలిచి ఎక్కించిన మా స్వప్న. సరేనని, తర్వాత అనలేదన్న కెప్టెన్ ప్రకాశ్. కాయితం, పెన్ను తెచ్చిచ్చిన కానిస్టేబుల్ సలీం. అబద్ధం రాసిన నేను, కొమురయ్య.