పత్తిచేన్ల రెండు కెమెరాలు

స్తుతికి ఫోటోల పిచ్చి ఉన్నదని బడిల అందరికీ ఎరుకే. కాగజ్‌నగర్ల ఒక ప్రైవేటు బడిల మూడో తరగతి పిల్లలకు చెప్తది. పిల్లల పుట్టినరోజైనా, చర్చిల కోతకాలం పండుగైనా, వాడకట్టుల ఎవరింట్ల శుభకార్యమైనా, ఆమె చెయ్యే అందరికన్న ముందు లేస్తది. అయితే ఆమె తీసేది పువ్వులను, ఆకాశాన్ని కాదు. మనుషులను తీస్తది. అన్నం తినేటోళ్ళను, బట్టలు పిండేటోళ్ళను, అరుగు మీద కూసొని ముచ్చట పెట్టేటోళ్ళను.

ఆ పిచ్చికి మొదలు ఒకటున్నది. ఆమె బాపు యెషయా పేపరు మిల్లుల పని చేసిండు. మిల్లు మూతబడ్డ రెండేండ్లకు గుండె ఆగి పోయిండు. గోడకు పెట్టేతందుకు ఒక్క ఫోటో కావాలంటే ఇంట్ల లేదు. వెతకంగ వెతకంగ చర్చి ముందట అరవై మంది నిలబడ్డ ఫోటో ఒకటి దొరికింది. అండ్ల బాపు ముఖం మిరియపు గింజంత ఉన్నది. స్టూడియో లింగమూర్తి దాన్నే పెద్దగ చేసి ఇచ్చిండు. పెద్దగైతే అయింది గానీ కండ్లు లేవు, ముక్కు లేదు. తెల్లంగి మీద గోధుమరంగు మచ్చ ఒకటి మిగిలింది. ఆ దినమే స్తుతి మనసుల అనుకున్నది, ఇంట్ల ఇంకెవ్వల ముఖమూ గిట్ల పోనియ్యొద్దని.

ఇన్నేండ్లు ఫోనుతోనే తీసింది. మొన్న ఎండాకాలం ఆ ఫోను నీళ్ళ గోలెంల పడి మూడేండ్ల ఫోటోలు ఒక్కపారే పోయినయ్. ఆమె మొగడు బెంజమిన్ ట్రాలీ ఆటో నడుపుతడు. ఆమె మూడు దినాలు సరిగ అన్నం తినకపోయేసరికి ఆయనే అన్నడు, "ఒక కెమెరా కొనుక్కో. ఫోను ఫోనే, కెమెరా కెమెరానే."

లింగమూర్తి దుకాణంల పెండ్లిండ్లకు తీసే పెద్ద కెమెరాల నడుమ, చేతిసంచిల పట్టే చిన్నవి రెండున్నయ్. ఎవరో వాడి అమ్మినవి. ఒకటి వెండిరంగుది, సబ్బుబిళ్ళంత. ఇంకోటి నల్లది, జర లావుది.

"రెండిట్ల ఏది మంచిది సార్?"

"నువ్వు ఏం తీస్తవో దాన్ని బట్టి ఉంటది టీచరమ్మా," అన్నడు లింగమూర్తి. "గీ వెండిది మసక వెలుతుర్ల గూడ మంచిగొస్తది. మనిషి రంగు ఉన్నదున్నట్టు పడతది. కానీ దూరం గుంజది. గీ నల్లది దూరానికి పెట్టింది పేరు. మిల్లు గొట్టం మీద పిట్ట వాలితే దాని ముక్కు గూడ కనవడతది. కాకపోతే ఇంట్ల తీస్తే నూకనూకగ పడతది. ధర రెండింటికీ ఒక్కటే. రెండూ తీస్కపో, రెండు దినాలు వాడి సూడు. నచ్చింది ఉంచుకొని ఇంకోటి వాపస్ తే."

స్తుతి టీచరు గదా, కెమెరాలకు గూడ పరీక్ష పెట్టింది. నోటుబుక్కుల గీత గీసి ఇటు వెండిది, అటు నల్లది అని రాసింది. ఒకటే జాగ, ఒకటే మనిషి, ఒకటే వెలుతురు. గురువారం మాపటికి వంటింట్ల పొయ్యి ముందట స్తుతిని కన్న అవ్వ సంతోషమ్మ జొన్నరొట్టె కొడుతుంటే రెండిటితోని తీసింది. వెండిదాన్ల అవ్వ చేతి మీది పిండి గూడ లెక్కవెట్టొచ్చు. నల్లదాన్ల వంటిల్లంత పొగవట్టినట్టున్నది. శుక్రవారం బడి మైదానంల ఉరికే పిల్లలను తీసింది. అక్కడ నల్లది గెలిచింది. సంచిల పట్టుడుకు వెండిది. బ్యాటరీ ఆగుడుకు నల్లది. మొత్తం మీద వెండిదే రెండు మార్కులు ముందున్నది. ఆమె మనసు గూడ దాని దిక్కే ఉన్నది.

ఆఖరి పరీక్ష పత్తిచేన్ల పెట్టింది.

చేను ఊరికి నాలుగు కిలోమీటర్లుంటది. అవ్వ కౌలుకు పట్టిన రెండెకరాలు. ఒక దిక్కు వాగు, ఇంకో దిక్కు టేకు చెట్ల అడవి. వాగు అవతల పులి తిరుగుతున్నదని పది దినాల కింద ఊర్ల డప్పు కొట్టి చెప్పిండ్రు. వాగు అవతలనే గదా అని ఇవతలోళ్ళు పట్టించుకోలే. పత్తి పగిలి తెల్లగ నవ్వుతుంటే ఏరకుండ ఎవ్వలు ఇంట్ల కూసుంటరు?

శుక్రవారం బడి ఇడిశినంక స్తుతి స్కూటీ మీద చేనుకు పోయింది. కూలికచ్చిన ఆడోళ్ళు మూటలు కట్టుకొని అప్పుడే బాట వట్టిండ్రు. అవ్వ ఒక్కతే చేను నడుమ ఒడి నిండ పత్తితోని నిలబడ్డది. పొద్దు వాగు మీదికి దిగింది. ఆ వెలుతుర్ల అవ్వ నల్లటి ముఖం రాగి చెంబు లెక్క మెరుస్తున్నది.

"గట్లనే ఉండవ్వా, కదలకు!"

ముందుగాల వెండిదానితోని మూడు తీసింది. ఎనుక అడవి ఇంకింత పడితే బాగుండు అనిపించింది.

"ఇంకో నాలుగు అడుగులు ఎనుకకు జరుగవ్వా. చెట్లు గూడ రావాలె."

"ఏడ నిలబడ్డా నేనే గదనే," అనుకుంటనే సంతోషమ్మ జరిగింది.

"ఇంక జర."

ఇంక జర జరిగింది. మళ్ళ వెండిదానితోని రెండు తీసింది. తర్వాత నల్లది పట్టుకొని, గుంజి తీసేతందుకు దూరం జరగబట్టింది. తను ఎనుకకు నడుచుకుంట సాల్ల కాలు మడతవడి కూలబడబోతే అవ్వకు నవ్వాగలే. ఆ నవ్వునే స్తుతి వరుసగ నాలుగు ఫోటోలు కొట్టింది. తర్వాత ఇద్దరు స్కూటీ మీద ఇంటికచ్చిండ్రు.

తెల్లారి రెండో శనివారం, బడి లేదు. అవ్వ ఏడు గొట్టంగనే గంగుబాయిని, ఇంకో నలుగురు ఆడోళ్ళను తోలుకొని చేనుకు పోయింది. బెంజమిన్ చెన్నూరుకు కిరాయి పోయిండు. స్తుతి గిన్నెలు, బోండ్లు తోమి, చాయ్ గిలాస పక్కన పెట్టుకొని, కెమెరా కార్డును టీవీకి గుచ్చింది. పెద్ద తెర మీద పక్కాగ తేలిపోతదని.

వెండిదాని ఫోటోలు చూసి మురిసిపోయింది. ఎంత మంచి రంగులు! అవ్వ ఎనుక అడవి మెత్తగ, గడ్డి ఎండి పసుపుపచ్చగ. నోటుబుక్కుల పది మార్కులేసింది. ఇగ నల్లదాన్ని ఊకనే ఒకపారి చూద్దామని కార్డు మార్చింది.

మొదటి ఫోటోల అవ్వ పత్తి సాళ్ళ నడుమ నిలబడి ఉన్నది. నవ్వు మొదలైతున్నది. కండ్ల కొసల ముడుతలు గూడ తెలుస్తున్నయ్. రిమోట్‌తోని ఇంకింత పెద్దగ చేసి, మెల్లగ పక్కకు జరుపుకుంట పోయింది. భుజం, పత్తి కాయలు, ఎండిన గడ్డి.

గడ్డికి నల్ల చారలున్నయ్.

నీడలేమో అనుకున్నది. ఇంకింత జరిపింది. గడ్డికి చెవి ఉన్నది.

స్తుతి లేచి టీవీకి జానెడు దూరంల నిలబడ్డది. కండ్లు నలుచుకొని చూసింది. గుండ్రటి చెవి, దాని కింద వంచిన తల, కాళ్ళ మీద పెట్టుకున్న గదువ. రెండో ఫోటో పెట్టింది. తల లేచి ఉన్నది. మూడోదాన్ల అవ్వ పగలబడి నవ్వుతున్నది, అవ్వ ఎనుక అది లేచి కూసున్నది. నాలుగోదాన్ల దాని కండ్లు తిన్నగ కెమెరా దిక్కే ఉన్నయ్. అవ్వను కాదు, ఫోటో తీసేదాన్నే చూస్తున్నది.

చేతుల ఉన్న రిమోట్ ఎప్పుడు జారిందో తెల్వది. బ్యాటరీలు మంచం కిందికి ఉరికినయ్. అవ్వకూ దానికీ నడుమ పత్తి సాళ్ళు లెక్కవెట్టింది. ఐదు. మళ్ళ లెక్కవెట్టింది. ఐదే. ముందుగాల, వెండిదాని మొదటి ఫోటోల, పది పన్నెండుండె. ఆ మిగిలినయ్ ఏమైనయో ఆమెకు ఒక్కపారే సమజైంది.

నాలుగు అడుగులు ఎనుకకు జరుగుమన్నది ఎవ్వలు? ఇంక జర అన్నది ఎవ్వలు?

"ప్రభువా," అన్నది. అప్పుడు యాదికచ్చింది, అవ్వ ఇప్పుడు ఆడనే ఉన్నది.

అవ్వ నంబరు కొట్టింది. ఫోను ఇంట్లనే మోగింది, గూట్ల. గంగుబాయికి కొట్టింది. కవరేజి లేదు. నల్ల కెమెరాల కార్డు మళ్ళ పెట్టి సంచిలేసుకున్నది. తలుపు దగ్గరికి గూడ వెయ్యకుండ స్కూటీ తీసింది.

చేను గెట్టు కాడికి వచ్చేసరికి ఆడోళ్ళు తలా ఒక సాలు పట్టి వంగి పత్తి ఏరుతుండ్రు. అవ్వ అందరికన్న అవతల, అడవి అంచు కాడ. స్తుతి పిలువబోయింది. పిలుపు కంటె ముందే చెయ్యి దానంతట అదే స్కూటీ హారన్ మీద పడ్డది. పడ్డ చెయ్యి తియ్యలే.

"పెండ్లి బరాత్ అచ్చిందా ఏందే? గట్ల కొడుతున్నవ్!" నడుము మీద చేతులు పెట్టుకొని సంతోషమ్మ కేకేసింది. అయినా హారన్ ఆగకపోయేసరికి ఏదో అయిందని ఒడి పట్టుకొని ఉరికచ్చింది. ఎనుకనే మిగిలినోళ్ళు వచ్చిండ్రు.

స్తుతి కెమెరా తెర మీద నాలుగో ఫోటో పెట్టి గంగుబాయి చేతులకిచ్చింది. గంగుబాయి దాన్ని దూరంగ పట్టి, దగ్గరగ పట్టి చూసి, "గిదేంది, మన చేను లెక్కనే ఉన్నదే," అన్నది. తర్వాత కెమెరాను సంతోషమ్మ చేతుల పెట్టి, ఒడిల పత్తి మట్టిల ఇడిశింది.

"ఎప్పటిదే గిది?" అన్నది సంతోషమ్మ.

"నిన్న మాపటిది. నువ్వు నవ్వినప్పటిది."

ఏడుగురు ఒకల చెయ్యి ఒకలు వట్టుకొని బాట మీదికచ్చిండ్రు. పత్తి మూటలు ఆడనే ఉన్నయ్. సద్ది డబ్బాలు ఆడనే ఉన్నయ్. ఎవ్వలూ ఎనుకకు తిరిగి చూడలే.

ఊర్లెకచ్చి ఫోను చేస్తే, ఫారెస్టు బీట్ ఆఫీసర్ లక్ష్మీరాజం ఇద్దరు మనుషులను తీసుకొని గంటన్నరకు వచ్చిండు. ఊరు సగం ఆయన ఎనుకనే కట్టెలు, డబ్బాలు పట్టుకొని నడిచింది. అడవి అంచుకు గడ్డి మనిషి పొడుగున అణిగి ఉన్నది. పక్కన పత్తి చెట్లు ఒరిగి, పత్తి మట్టిల ఒత్తుకపోయింది. నిన్నటి పాత అడుగులకు ఆయన ఫోటోలు తీసుకున్నడు. తర్వాత సాళ్ళ నడుమ ఒక కాడ వంగి ఆగిపోయిండు.

"అమ్మలూ, మీ చెప్పులు ఒకపారి సూపియ్యుండ్రి," అన్నడు.

అందరు కాళ్ళు ఎత్తి చూపిచ్చిండ్రు. సంతోషమ్మ ఎడమ చెప్పు మడిమె కాడ అరిగి ఉన్నది. తడి మట్టిల ఆ అరిగిన గుర్తు సాఫుగ కనవడుతున్నది. దాని మీద, సగం దాన్ని చెరిపేసి, చాయ్ సాసరంత అడుగు.

"గీ సాలు నువ్వెప్పుడు ఏరినవమ్మా?"

"పొద్దుగాల. వచ్చుడుతోనే గిదే పట్టిన."

"మరి గిది నువ్వు పోయినంకనే పడ్డది," అన్నడు లక్ష్మీరాజం నిమ్మలంగ. "నువ్వు ఏరుకుంట ముందుకు పోయినవ్. అది నీ ఎనుక నుంచి అడ్డం దాటి వాగు దిక్కు పోయింది."

సంతోషమ్మ ఆ అడుగును చూసింది, తన చెప్పును చూసుకున్నది. ఇంటికచ్చి రెండు చెంబుల నీళ్ళు గటగట తాగింది.

ఆ దినమంత ఇల్లు తిరునాళ్ళే. టీవీల ఆ ఫోటో చూసేతందుకు ఎక్కడెక్కడోళ్ళో వచ్చిండ్రు. చారలను బట్టి ఏ పులో పోల్చుకుంటమని ఫారెస్టోళ్ళు నల్లదాని ఫోటోలు కాపీ చేసుకపోయిండ్రు. వెండిదాని ఫోటోలు మళ్ళ పెట్టి చూస్తే, స్తుతి పది మార్కులేసిన ఆ పసుపుపచ్చ గడ్డే అది. మెత్తగ, అందంగ, మసకగ. అవ్వ మాత్రం టీవీ దిక్కు పోనే లేదు. బెంజమిన్ చెన్నూరు నుంచి వచ్చి ఫోటో చూసి, అత్త పక్కన పోయి కూసున్నడు. స్తుతికి ఆదివారమంత జరం. కండ్లు మూస్తే చాలు, "ఇంక జర" అన్న తన గొంతే వినపడేది.

మంగళవారం లింగమూర్తికి వెండి కెమెరా వాపస్ ఇచ్చింది.

"ఇంట్ల ఫోటోలకు గిదే గదా మంచిది టీచరమ్మా?" అన్నడు ఆయన.

"ఎరుకే సార్. నల్లదే ఉంచుకుంట," అన్నది. దాని పైసలు లెక్కవెట్టి బల్ల మీద పెట్టింది.

పులి మహారాష్ట్ర దిక్కు మళ్ళిందని ఫారెస్టోళ్ళు చెప్పినంక పదిహేను దినాలకు మళ్ళ పత్తి ఏరుడు మొదలైంది. ఇద్దరు కాపలాదార్లు గెట్టు మీద నిలబడితే ఆడోళ్ళు గుంపుగ ఏరిండ్రు. ఒకనాడు మాపటికి అవ్వబిడ్డలు అరుగు మీద కూసొని అనపకాయలు ఒలుస్తుంటే, ఉన్నట్టుండి సంతోషమ్మ అన్నది:

"బిడ్డా, ఆ పొద్దు నాకు వాసనచ్చింది."

"ఏం వాసన?"

"వాసనబియ్యం ఉడుకుతున్నట్టు. గుమ్మున అచ్చింది. గీ అడవి కాడ ఎవ్వలు అన్నం వండుతుండ్రా అనుకున్న. నిన్ను అడుగుదామని నోటిదాక అచ్చింది. నువ్వేమో గంత సంబురంగ ఫోటోలు తీస్తుంటివి. ఎందుకు ఆపుడు అని ఊకున్న."

స్తుతి చేతుల కాయను చేటల పడేసింది. లేచి లోపలికి పోయి లక్ష్మీరాజంకు ఫోను చేసింది. అవ్వ చెప్పింది చెప్పినట్టు చెప్పింది.

"అదే వాసన అమ్మా," అన్నడు ఆయన. "గీ జాగ నాది అని పులి చెట్లకు కొట్టే మూత్రం అట్లనే వాసనొస్తది. అప్పుడే కొట్టి ఉంటది."

బయటికొచ్చేసరికి సంతోషమ్మ గింజలను చేటల చెరుగుతున్నది. "ఏమన్నడు?" అని అడిగింది.

స్తుతి చెప్పింది. ఏదీ దాయలే. అవ్వ చెరుగుడు ఆపి చేటను ఒళ్ళె పెట్టుకున్నది. తర్వాత ఇద్దరు దగ్గరికి జరిగి, వీధిల దీపాలు పడేదాక మిగిలిన కాయలు ఒలిచిండ్రు.