కోకాపేటలో పిట్ట ముట్టని పూట

దెయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. సివిల్ ఇంజినీరింగ్ నాలుగేళ్ళ సిలబస్‌లో వాటికి చోటు లేదు. తర్వాత వచ్చిన జీతం కూడా అలాంటి విలాసాలకు సరిపోయేది కాదు. ఇది ముందే చెప్పుకోవడం మంచిది. కింద రాసేది నాకు వ్యతిరేకంగా నేనే ఇచ్చుకుంటున్న సాక్ష్యం.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. కోకాపేటలో ఒక ఆఫీసు టవర్‌కు పునాదులు తవ్విస్తున్నాం. నేను సైట్ ఇంజినీర్‌ని. నాకంటే ఏడాది వెనక చేరిన రవి నా పైన ఇన్‌చార్జి అయ్యాడు. వాడు పనిమంతుడు. ఈ సంగతి అప్పట్లో నేనెవరితోనూ అనలేదు. మేస్త్రీలు వాడికి చాయ్ తెచ్చిపెట్టేవాళ్ళు. నాకు చాయ్ ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాళ్ళు.

మన కొలువులు మనకే కావాలని ఊరంతా అడుగుతున్న కాలం కదా, నా కడుపుమంటకు కూడా ఆ గౌరవమైన పేరే పెట్టుకుందామని చూశాను. కుదరలేదు. ఇద్దరిదీ నల్లగొండే.

సైట్ తూర్పు మూలన ఒక సమాధి ఉండేది. మా వాచ్‌మన్ మల్లయ్య తండ్రిది. ఆ నేల ఒకప్పుడు వాళ్ళ పొలం. ఆ మూల ముట్టనని రవి మల్లయ్యకు మాటిచ్చాడు. డ్రాయింగ్ మీద దాని చుట్టూ గీత గీసి ‘తవ్వొద్దు’ అని పెన్సిల్‌తో రాశాడు. సంతకం మాత్రం పెన్నుతో పెట్టాడు. వాడు చేసిన తప్పు అదొక్కటే.

ఒక బంద్ రోజు రైళ్ళు, బస్సులు, ఆటోలు ఏవీ తిరగలేదు. రవి లింగంపల్లిలో ఇరుక్కుపోయాడు. మల్లయ్య ధర్నాకు పోయాడు. కూలీలు సైట్‌లోనే ఉంటారు కాబట్టి గేటు మూసుకుని పని సాగుతోంది. నేను నానక్‌రామ్‌గూడ నుంచి నడిచి వచ్చాను, రబ్బరుతో ఆ పెన్సిల్ గీతను చెరిపాను, డ్రాయింగ్‌ను జేసీబీ డ్రైవర్ చేతికిచ్చాను.

మధ్యాహ్నానికి ఎముకలు బయటపడ్డాయి.

సాయంత్రం మల్లయ్య వచ్చి, వాటిని ఒక్కొక్కటిగా తువ్వాలలోకి ఏరుకున్నాడు. ఏడవలేదు.

“గిదేంది సారూ? రవి సారు మాటిచ్చిండు గద!”

“సంతకం ఆయనదే మల్లయ్యా” అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఎస్సై వచ్చి డ్రాయింగ్ చూశాడు. మనసు నొస్తుందని తెలిసీ సమాధిని తవ్వి అవశేషాలను అవమానిస్తే ఐపీసీ 297 అని, ఏడాది దాకా జైలో, జరిమానానో, రెండూనో పడొచ్చని చెప్పాడు. ఆ సెక్షన్ నేను అప్పటికే నెట్‌లో చూసి ఉన్నాను. రవికి ఏడాది కాస్త తక్కువేనని నాకనిపించింది.

ఎముకలను మళ్ళీ పాతిపెట్టి, మూడో రోజు పొద్దున పిట్టకు పెట్టారు. చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాళ్ళ మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అన్నం, కోడికూర, కల్లు పెట్టారు. అది అయ్యాక ఫిర్యాదు మీద వేలిముద్ర వేస్తానని మల్లయ్య చెప్పడంతో ఎస్సై కూడా పక్కనే నిలబడ్డాడు.

గంటన్నర గడిచింది. క్రేన్ మీద ఇరవై దాకా కాకులు బారుగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు, అరవలేదు. కొడుకులు, మనవలు మొక్కారు. రవి చేతులు జోడించి సమాధి చుట్టూ గోడ కట్టిస్తానన్నాడు. కాకులు కదల్లేదు.

“ముసలాయనకు పంతం జాస్తి” అన్నదొక ముసలమ్మ. “ఇంకెవలిదో మాట కావాలంటున్నడు.”

నేను అందరికీ వెనకాల ఉన్నాను. దుమ్ముకు ముఖానికి రుమాలు కట్టుకున్నాను. పెదవి కదపలేదు. లోపల మాత్రం, ఎందుకో తెలియదు, ‘చెరిపింది నేను’ అనుకున్నాను.

కాకి దిగింది. నేరుగా విస్తట్లో వాలి ముద్ద ఎత్తుకుంది.

అందరూ కాకిని చూస్తుంటే మల్లయ్య వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

“సారూ, గదే మాట జర ఎస్సై సారుకు గూడ చెప్పున్రి.”

చెప్పాను. మరో ఉపాయం తోచలేదు. ఎస్సై కాగితం మీద పేరు మార్చబోతే మల్లయ్య ఆపాడు. “నాయిన తిన్నడు. ఇగ కేసొద్దు.” నా ఉద్యోగం ఆ మధ్యాహ్నమే పోయింది. గేటు దాకా వచ్చి భుజం తట్టి, వేరే చోట పని చూస్తానన్నాడు రవి. అది కూడా వాడే చేయాలి!

కాకికి ఆకలేసి ఉండొచ్చు. అంతవరకు నేను సర్దుకోగలను. కానీ ఏడాది తర్వాత మల్లయ్య ఎదురుపడితే, ఆ రోజు నా ముఖంలో ఏం కనిపించిందని అడిగాను.

“నీ మొకం ఏడ సూసిన సారూ? నాయిన నా చెవులనే చెప్పిండు. నీ పేరు గూడ చెప్పిండు.”

నేను ఆ సైట్‌లో చేరేనాటికి ఆయన పోయి తొమ్మిదేళ్ళు. నా పేరు ఆయనకెలా తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు.